అరిసె మీద ఇంజను నంబరు

రండి, ఇంకాస్త దగ్గరకు జరిగి కూర్చోండి. నా గొంతు ఈ మధ్య గడప దాటి వినిపించడం లేదు. అదీగాక, యాభై ఏళ్ళుగా మా ఇంట్లో తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడుకున్న సంగతి ఇది, గట్టిగా చెప్పడం నాకింకా అలవాటు కాలేదు. పొద్దున చింతపండు పిసికి, ఇంత ఉప్పు కలిపి, ఒక ఇత్తడి బిళ్ళను తోముతూ కూర్చున్నాను. పులుపు తగిలిన ఇత్తడికి ఒక వాసన ఉంటుంది, నాలుక మీద పాత పైసా పెట్టుకున్నట్టు. ఆ వాసన తగలగానే వైరాలోని ఈ ఇల్లు, ఈ టైల్సు, ఈ ఫ్యాను అన్నీ పక్కకు తప్పుకుని, కారేపల్లి రైలు కట్ట కింద మేమున్న మట్టి ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. బిళ్ళ అంటే చిన్నదనుకునేరు. కోడిగుడ్డు ఆకారంలో, నా మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా పొడవుంటుంది, రెండు చేతులా పట్టుకుంటే గానీ లేవదు. అంచు చుట్టూ ఉబ్బెత్తుగా ఇంగ్లీషు అక్షరాలు, నడుమ అయిదంకెల నంబరు, బోల్టులు పట్టేందుకు నాలుగు రంధ్రాలు. బొగ్గుతో నడిచే పాత రైలింజనుకు, దాన్ని తయారు చేసినవాళ్ళు తమ పేరు పోతపోసి బిగించిన బిళ్ళ ఇది. దీని మూలంగానే మా నాయన దొంగ అయ్యాడు. అయ్యాడో, చేశారో తేలక నేను ఇంత ముసలిదాన్నయ్యాను. పోయిన చలికాలంలో గానీ తేలలేదు.

మా నాయన పేరు దేవదానం. కారేపల్లి స్టేషనులో కంట్రాక్టరు కింద కూలీ. పట్టాల నడుమ రాళ్ళతో కట్టిన పొడవాటి గుంట ఒకటుండేది. బొగ్గు గనుల వైపు పోయే ఇంజను దాని మీద నిలబడి, నీళ్ళు తాగి, కడుపులోని నిప్పునూ బూడిదనూ అందులోకి దులుపుకుని పోయేది. ఆ బూడిదను పారతో ఎత్తి గట్టు మీద పోయడం నాయన పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు, చెవుల మీది వెంట్రుకలు, ముక్కు కొస అన్నీ తెల్లగా ఉండేవి, నడివయసు రాకుండానే ముసలితనం వేషం కట్టినట్టు. తొట్టి దగ్గర తల తడుపుకుంటే మళ్ళీ మా నాయన బయటికొచ్చేవాడు. వేడి బూడిద మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన, తొలకరికి ఎర్రమట్టి నుంచి లేచే వాసన, మా ఇంటి వెనక సీతాఫలాలు మాగేసిన గడ్డి వాసన, ఈ మూడే నా చిన్నతనానికి రుతువులు.

బతికున్నన్నాళ్ళూ మా నాయనమ్మ చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతూ అరుగు మీద కూర్చుని, ఇంజను కూత వినపడక ముందే దాని దగ్గును బట్టి ఏ ఇంజనో చెప్పేసేది. అమ్మా నేనూ జల్లెడ, తట్ట పట్టుకుని గట్టు మీద పోసిన బూడిదలో సగం కాలిన బొగ్గు ముక్కలు ఏరేవాళ్ళం. మా పేట ఆడవాళ్ళందరికీ పొయ్యిలోకి అవే. వేళ్ళు కాలకుండా ఏరడం ఒక విద్య. నల్లగా కనిపించినదాన్ని పట్టుకోవాలి, బూడిద రంగులో నిద్రపోతున్నట్టున్నదాన్ని అస్సలు నమ్మకూడదు. నాలుగో తరగతితో బడి మానేసిన నాకు అంతకన్నా పెద్ద చదువేదీ అబ్బలేదు. ఏరడం అయిపోయాక అచ్చనగండ్లు, తొక్కుడు బిళ్ళ, పట్టాకు చెవి ఆనించి బండి ఎంత దూరంలో ఉందో పందెం వేసుకోవడం. పక్క పట్టాల మీద ఒక పాత ఇంజను, పని అయిపోయిందని తేల్చి, ముక్కలుగా కోయడానికి నిలబెట్టి ఉండేది. దాని చక్రాల మీదికెక్కి మేము దొంగాటలాడేవాళ్ళం.

వరికోతలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం నాయన భుజం మీద గోనెసంచితో, ఎన్నడూ లేనిది పెరటి దారిన ఇంట్లోకొచ్చాడు. సంచిలోంచి ఈ బిళ్ళ తీసి చాప మీద పెట్టాడు. బూడిద తుడిచిన చోట మాత్రం పసుపుగా మెరిసింది. అమ్మ దగ్గరకు రాలేదు, నిలబడ్డ చోటు నుంచే అడిగింది.

“ఏంది గది?”

“బూడిదల దొరికింది. పార తగిలి ఖంగుమన్నది.”

“బూడిదల బొగ్గు దొరుకుతది. ఇత్తడి దొరుకుతదా?”

మా అమ్మ రాహేలమ్మ మాట తక్కువ మనిషి, కానీ ఒక్క మాట అడిగిందంటే దాని చుట్టూ కంచె వేసినట్టుండేది, తప్పుకునే సందు ఉండదు. నాయన నసిగాడు. కూలీల మీది మేస్త్రీ చేతికిస్తే వాడు అమ్ముకుని, తీసింది నేనేనని నా మీదికే తోస్తాడు, ఇంజన్లు బాగుచేసే షెడ్డు నుంచి పెద్ద సారు వచ్చినప్పుడు నేరుగా ఆయన చేతికే ఇస్తాను, అందాక ఇంట్లో ఉంచు అన్నాడు. మేస్త్రీని అనుమానించడంలో తప్పులేదు, వాడు అలాంటివాడే. అయినా అమ్మ ఆ రోజు బిళ్ళను చూసినదానికంటే నాయన ముఖాన్నే ఎక్కువసేపు చూసింది. చివరికి దాన్ని వడ్ల గుమ్మి వెనక నిలబెట్టారు.

నేను మర్నాడే ఆ పాత ఇంజను దగ్గరికెళ్ళాను. దాని పక్కటెముక మీద, మసిపట్టిన ఇనుము నడుమ, కోడిగుడ్డు ఆకారంలో ఒక జాగా శుభ్రంగా, ఆకుపచ్చ రంగుతో కొత్తగా ఉంది. నాలుగు రంధ్రాలు. చుట్టూ తిరిగి అవతలి వైపు చూస్తే అక్కడా అలాంటి జాగానే. ఇంజనుకు బిగించిన బిళ్ళ దానంతటదే ఊడి, నడిచొచ్చి బూడిద గుంటలో ఎందుకు పడుకుంటుంది? ఎవరితోనూ అనలేదు. ఆ రోజు నుంచి నాయన సంచి దించే చప్పుడయితే చాలు, నా చెవులు వాటంతటవే నిక్కేవి.

పెద్ద సారు రాలేదు, క్రిస్మస్ వచ్చింది. మా పేటలో క్రిస్మస్ అంటే వెదురు బద్దల మీద రంగు కాగితం అతికించిన నక్షత్రం, ఇంటింటికీ కంజీర పట్టుకుని తిరిగే పాటల బృందం, సున్నం వేసిన గోడల చల్లదనం, అన్నిటికంటే ముందు అరిసెలు. కొత్త బియ్యం నానబెట్టి, తడి ఆరకుండా రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకం ముదరకుండా దింపి, నువ్వులు అద్ది నూనెలో వేస్తే, ఆ వాసనకు పేటలోని కుక్కలు కూడా మా గుమ్మం ముందు మర్యాదగా వరసలో కూర్చునేవి. అరిసె నూనెలోంచి తీయగానే వత్తి నూనె పిండాలి కదా. మా ఇంట్లో అరిసెలు వత్తే చెక్క ఆ ఏడు చీలిపోయింది. అమ్మ చుట్టూ చూసింది. గుమ్మి వెనక నుంచి బిళ్ళ తీసి, చింతపండుతో తోమి, వేడినీళ్ళతో కడిగి, పీట మీద అరిసె పెట్టి, బిళ్ళతో అదిమింది. వెనక వైపు గరుకుగా ఉందని, అక్షరాలున్న వైపే అదిమింది. తీసి చూస్తే అరిసె మీద గీతలు, సున్నాలు, వంకీలు, ముత్యాలు పొదిగిన గాజు మీది చెక్కుళ్ళలాగా తేలాయి. అమ్మకు అక్షరం ముక్క రాదు, నాకు వచ్చిన నాలుగు తరగతుల్లో ఇంగ్లీషు లేదు. ఇద్దరం ముచ్చటపడిపోయాం. పేటలో ఎవరింటి అరిసెలయినా బోడివే, మావి పూల అరిసెలు. ఎప్పుడూ నవ్వని మా అమ్మ ఆ పూట, పిండి అంటిన చేతుల్ని అలాగే పైకి పట్టుకుని, “నడుమ పువ్వు పడేటట్టు పెట్టాలె” అని నాకు నేర్పింది. నడుమ పడ్డది పువ్వు కాదు, ఇంజను నంబరు.

బిళ్ళను ఎవరి కంటా పడనివ్వకుండా దాచిన మనిషి, దాని అచ్చు కొట్టిన అరిసెలను పళ్ళేలలో సర్ది, మీద గుడ్డ కప్పి, పేటలోనే కాదు, స్టేషను మాస్టరు గారింటికి కూడా నా చేతనే పంపింది.

మూడోరోజు మధ్యాహ్నం మాస్టరు గారి భార్య పళ్ళెం తిరిగి ఇవ్వడానికి తనే వచ్చింది. ఆమెది కోస్తా వైపు, మాటలో తీపి ఎక్కువ, మనసులో చెడు లేదు. నవ్వుతూనే అంది.

“రాహేలూ, మీ అరిసెల మీద ఇంగ్లీషు ముద్రలేమిటే? మా ఆయన గడ్డం గీసుకునే అద్దంలో పెట్టి మరీ చదివారు. ఏదో నంబరంట.”

“పాత పీట మీది గీతలమ్మగారూ” అని అమ్మ పళ్ళెం అందుకుంది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి నవ్వు ముఖం పెట్టుకుంది. తర్వాత తలుపు వేసింది. నేను వాకిట్లో అచ్చనగండ్లు ఆడుతున్నానని అనుకుంది గానీ, తలుపు సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. మట్టి పొయ్యిని గడ్డపారతో కూలదోసింది. కింద నేలను జానెడు తవ్వి, బిళ్ళ పడుకోబెట్టి, మట్టి కప్పి, అదే చోట తడిమట్టితో కొత్త పొయ్యి మెత్తి, పచ్చిది ఆరేందుకని మంట పెట్టింది. ఆ సంగతి నాయనకు చెప్పలేదు. ఆమె అనుకున్నదొక్కటే: వస్తువు దొరికితేనే మనిషి జైలుకు పోతాడు, దొరకకపోతే పోడు.

మర్నాడు షెడ్డు నుంచి పెద్ద సారు వచ్చాడు. ఆ ఇంజనుకు రెండు బిళ్ళలూ కనిపించడం లేదని వాళ్ళు అప్పటికే వెతుకుతున్నారట. మాస్టరు గారి బల్ల మీద కాగితంలో మా అరిసె ఒకటి పెట్టి ఉందట, ఎండి బిరుసెక్కి, నంబరు మరింత స్పష్టంగా తేలి. నాయన ఏమీ దాచలేదు. బూడిదలో ఒకటి దొరికింది, ఇంట్లోనే ఉంది, మీకే ఇద్దామని ఉంచాను అన్నాడట. ఆ పెద్దమనిషి కూడా మంచివాడే, తెచ్చి ఇచ్చెయ్, కేసేమీ ఉండదు అన్నాడట. మేస్త్రీ, ఇంకో ఇద్దరు వెంట వచ్చి వాకిట్లో నిలబడితే, నాయన బరువు దిగిన ముఖంతో లోపలికొచ్చాడు.

“గా బిళ్ళ ఇయ్యి, సార్ అడుగుతున్నడు.”

“ఏం బిళ్ళ?” అంది అమ్మ.

నాయన మొదట నవ్వాడు. గుమ్మి వెనక చేయి పెట్టి చూశాడు. మంచం కింద వంగి చూశాడు. పాత బట్టల మూట విప్పాడు. లేచి నిలబడేసరికి ముఖంలో నవ్వు లేదు.

“ఆట కాదే. ఇస్తే ఏమనరంట.”

“మా ఇంట్ల ఏ బిళ్ళా లేదు” అంది అమ్మ, వాకిట్లోవాళ్ళకు వినపడేంత గొంతుతో.

అప్పుడు నాయన నా వైపు తిరిగాడు. ఆయన కనుబొమ్మల మీద బూడిద ఇంకా అలాగే ఉంది. “బిడ్డా, నువ్వు జూసినవా?” అని అడిగాడు. కొత్త పొయ్యి మీద అన్నం కుతకుతమంటోంది. నేను అమ్మ ముఖం చూశాను. ఆ ముఖంలో బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు, భయం ఒక్కటే ఉంది. “నేను చూడలే నాయనా” అన్నాను.

నాయన వట్టి చేతులతో బయటికెళ్ళాడు. ఇంట్లో ఉందని చెప్పి లేదని తిరిగొచ్చినవాడి మాట ఇంకెవరు నమ్ముతారు? వస్తువు దొరకలేదు కాబట్టి జైలు తప్పింది, అమ్మ లెక్క అంతవరకు సరిపోయింది. కానీ కంట్రాక్టరు ఆ సాయంత్రమే పారను గుంజుకుని పని మాన్పించాడు. దొరికిన ఒక్కటే కాదు, రెండు బిళ్ళలూ నాయన ఖాతాలోనే పడ్డాయి. మా ఇంటి ముందునుంచి పోతూ పక్కింటావిడ బిందె మీద చెయ్యి వేసుకుని నడవడం నేను చూశాను. మేము గుడి అనే చర్చిలో, కానుకలు వేసే సంచి మా నాయన వరస దగ్గరికొచ్చేసరికి, పట్టుకున్నాయన దాన్ని చేతిలోంచి వదలకుండా చాచి పట్టుకునేవాడు. నాతో ఆడే పిల్లలు గచ్చకాయలు ఓడిపోయినప్పుడల్లా నా పావడా జేబు దులపమనేవారు.

ఎండలు ముదరకముందే మేము అడవి అంచుకు వెళ్ళిపోయాం, ములకలపల్లి దాటాక ఒక చిన్న ఊరికి. అమ్మ బయల్దేరే ముందు పొయ్యి పగలగొట్టి బిళ్ళను నూకల బస్తాలో పెట్టింది, కొత్త ఇంట్లో మళ్ళీ పొయ్యి కిందే పాతింది. నాయనకు తెలియదు. అక్కడ మోదుగు పూసినప్పుడు కొండలకు నిప్పంటుకున్నట్టుండేది. తెల్లారకముందే ఇప్పపూలు రాలిన చోట వాసన మత్తుగా కమ్ముకునేది. వేసవిలో తునికాకు కోసి కట్టలు కట్టేవాళ్ళం, వానల తర్వాత వెదురు. చుట్టుపక్కల కోయవాళ్ళు, వాళ్ళ మాట మాకు రాదు, మా సంగతి వాళ్ళకు తెలియదు. వాళ్ళింటికి పండక్కి పిలిచి, నాయనకు ముందు ఆకు వేసి వడ్డించేవాళ్ళు. అక్కడయినా ఆయన తేలిగ్గా బతికి ఉండేవాడే, కానీ అనుమానం నూకల బస్తాతో పాటే మా ఇంటికొచ్చేసింది. నాయన ఏది తెచ్చినా, పుట్టతేనె తెచ్చినా, పుట్టగొడుగులు తెచ్చినా, “ఏడిది?” అని అమ్మ అడిగేది. కొన్నాళ్ళకు ఆయనే ఒక అలవాటు చేసుకున్నాడు. పని నుంచి రాగానే గడప బయట నిలబడి, తలపాగా తువ్వాలు విప్పి, రెండు కొసలూ పట్టుకుని ఒకసారి దులిపి, వట్టిదని అమ్మకు చూపించి, అప్పుడు లోపలికొచ్చేవాడు. ఎవరూ అడగలేదు ఆ పని చెయ్యమని. వద్దనీ ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

ఒక వానాకాలం జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. బిళ్ళ గురించి చివరిదాకా మళ్ళీ అడగలేదు. భూస్థాపన అయిన మూడోరోజు అమ్మ పొయ్యి తవ్వి దాన్ని బయట పెడితే, ఆయన తీశాడనే ఇంకా అనుకుంటున్నావా అని అడిగాను. “తియ్యకపోతే బూడిదలకెట్ల వస్తది?” అంది. నేనూ ఆ ఆకుపచ్చ జాగాను చూసినదాన్నే కదా.

తర్వాత నాకు పెళ్ళయింది, వైరా వచ్చాను, పిల్లలు, వాళ్ళ పిల్లలు. అమ్మను నా దగ్గరికే తెచ్చుకున్నాను, బిళ్ళ పాత చీరలో చుట్టుకుని బీరువా కిందికి చేరింది. పోయిన చలికాలంలో అడవి ఊళ్ళో పుట్టిన మా చెల్లెలి కూతురు, మధిరలో ఉద్యోగం చేసే సునీత వచ్చి, ఊడుస్తూ దాన్ని బయటికి లాగింది. “పెద్దమ్మా, ఇది ఏ ఇంజనుదో కనుక్కుందామే” అని ఫోనుతో ఫోటో తీస్తుంటే నేను బిళ్ళ మీదికి చీర లాగాను. ఫోటో పెడితే ఇన్నేళ్ళకయినా ఎవరో ఒకరు తలుపు కొడతారనే భయం. సునీత నవ్వింది కానీ, ఊరి పేరు, మా పేరు రాయనని మాటిచ్చి, పాత ఇంజన్లంటే పిచ్చి ఉన్నవాళ్ళందరూ కలిసే చోట ఆ నంబరు పెట్టింది.

మొదట జవాబిచ్చినాయన ఎంతకిస్తారని అడిగాడు, నేను ఆ సంగతే ఎత్తొద్దన్నాను. ఇంకొకాయన మాత్రం ఓపిగ్గా పాత పుస్తకాలు వెతికి వారం తర్వాత రాశాడు. ఆ ఇంజను సముద్రం అవతల, ఇప్పుడు మూతపడిపోయిన ఒక కార్ఖానాలో పుట్టిందట. ముక్కలుగా ఓడలో వచ్చి, మద్రాసు రేవులో దిగి, మళ్ళీ అతికించుకుని, చాలా ఏళ్ళు పెద్ద లైను మీద మనుషుల్ని మోసిందట. పాతబడ్డాక మన బొగ్గు లైనుకు పంపారట. మా నాయన మోసిన ఆ నింద అంత దూరం నుంచి ఓడెక్కి వచ్చిందా అనుకున్నాను. ఆఖర్న ఇంకొక్క మాట రాశాడు: ఇలాంటి బిళ్ళలు ఇంజనుకు రెండు వైపులా రెండుంటాయి, ఈ ఇంజనుది రెండోది ఆ బొగ్గు లైను దగ్గర్లోనే ఉన్నట్టుంది. దాంతో పాటు ఒక ఫోటో. కొత్తగూడెంలో ఒక ఇంటి గోడ మీద, పెళ్ళి ఫోటోల పక్కన, అదే బిళ్ళ, అదే నంబరు. కింద కుర్చీలో ఒక ముసలాయన. షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా తాతయ్య అని మనవరాలు గర్వంగా రాసుకుంది.

సునీత, నేను చిరునామా కనుక్కుని బస్సెక్కి వెళ్ళాం. బిళ్ళను చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను, కండక్టరు దాని వైపు చూసినా నాకు అనుమానమే. ఆయన పేరు రాజలింగం, ఎనభై దాటినా వెన్ను వంగలేదు. గేటు సగమే తెరిచి, పాత సామాన్లు కొనేవాళ్ళా అని అడిగాడు. కాదు, మాది మొదట కారేపల్లి అంటే లోపలికి రానిచ్చాడు కానీ, కూర్చున్నంతసేపూ ఆయన కళ్ళు నా ఒళ్ళోని మూట మీదే, నా కళ్ళు గోడ మీదే. ఆ బిళ్ళ ఎట్లా వచ్చిందని సునీత అడిగింది. ఇంజను కోస్తుంటే పై అధికారి మెచ్చుకుని ఇచ్చాడన్నాడు. మరి రెండోది ఏమైందని నేను అడిగాను.

“గదా? ఎవడో బూడిద ఎత్తేటోడు కొట్టేసిండు.”

ఎంత మామూలుగా అన్నాడో. నిన్న వాన పడ్డదని చెప్పినట్టు. నేను మూట విప్పి బిళ్ళను ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను, పడలేదు. పనివాడి చేతులు కదా, వాటంతటవే దాన్ని తిప్పాయి, వెలుతురుకు పట్టాయి, అంచు వెంట నడిచాయి. కింది రంధ్రం దగ్గర బొటనవేలు ఆగింది. అక్కడ చిన్న గాటు ఉంటుంది, నేను దాన్ని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

“ఈ బోల్టు రాలే” అన్నాడు తనలో తాను, ముచ్చటగా. “తుప్పు పట్టి కూసున్నది. ఉలి పెట్టి ఒక్కటే దెబ్బ కొట్టిన. ఇత్తడి పగలకుండ కొట్టాలె, అందరికి రాదు గది.”

సునీత నా వైపు చూసింది. నేను ఆయన్నే చూస్తూ అడిగాను.

“గట్లయితే బూడిదలకెట్ల వచ్చింది పెద్దయ్యా?”

ఆయన వేలు రంధ్రం మీద నుంచి కదల్లేదు. వంటింట్లో కోడలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించి, గొంతు తగ్గించి, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ ఇంజనును పదేళ్ళు తన చేతులతో బాగుచేశాడట, దాన్ని కోస్తున్నారంటే మనసొప్పక గుర్తుగా ఉంచుకుందామని రెండు బిళ్ళలూ విప్పాడట. సామాను తనిఖీ చేస్తారని భయపడి బూడిద గుంటలో దాచి, ఒకరోజు ఒకటి బొగ్గు సంచిలో పట్టుకుపోయాడట. రెండోరోజు వచ్చి చూస్తే రెండోది లేదు. బూడిద ఎత్తేవాడి మీద పడిందని విన్నాడట. అప్పుడే ఉద్యోగం పర్మనెంటు అయింది, ఇంట్లో కొత్త పెళ్ళాం, నోరు మెదపలేదు.

“ఆయన పేరేంది?” అన్నాడు. “బూడిదాయన బూడిదాయన అనేటోళ్ళం. పేరు తెల్వదు నాకు.”

“దేవదానం” అని చెప్పాను. మా అమ్మ ఇంకా ఉందని, ఒక్కసారి వచ్చి ఆమెకు ఈ మాట చెప్పమని అడిగాను. ఆయన వంటింటి వైపు చూశాడు.

“ఈ ఈడుల నన్ను దొంగను జెయ్యకు బిడ్డా.”

“మా నాయనకు అప్పుడు ముప్పయ్యేళ్ళు పెద్దయ్యా” అన్నాను. గోడ మీది బిళ్ళ కూడా తీసుకుపొమ్మన్నాడు, వద్దన్నాను. గేటు దాటాక చూస్తే ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, మేము ఎవరికైనా చెబుతామేమో అన్నట్టు వీధి చివరిదాకా చూస్తూ.

ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. చెప్పాలా వద్దా అని బస్సులో వచ్చినంతసేపూ కొట్టుకున్నాను. నాయన దొంగ కాదంటే, మరి తప్పెవరిదో ఆమెకు అర్థం కాకపోదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషికి ఈ బరువు ఇవ్వడమెందుకు? కానీ, తువ్వాలు దులుపుతూ గడప బయట నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. చెప్పేశాను. అమ్మ ఒలిచే చేయి ఆపలేదు. ఎవరు చెప్పారంది. తీసినాయనే చెప్పాడన్నాను. ఇంకో నాలుగు కాయలు ఒలిచింది.

“గట్లయితే ఆనాడు మీ నాయన నిజమే జెప్పిండు. అబద్ధమాడింది నేను.”

“నేనూ ఆడిన అమ్మా. పొయ్యి కింద పెట్టంగ జూసిన.”

అప్పుడు చేతులు ఆగాయి. నేను చూశానని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. నా ముఖం వైపు తేరిపార చూసి, “నా మొకం జూసి ఆడినవ్. చిన్నపిల్లవు” అంది. ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి లేచి, ఆదివారం కారేపల్లి గుడికి తీసుకుపొమ్మంది. యాభై ఏళ్ళలో ఆ ఊరి పేరు ఆమె నోట వినలేదు నేను.

మా గుళ్ళలో వాక్యం చెప్పడం ముగిశాక, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అంటారు. జ్వరం తగ్గిందని, కొడుక్కి నౌకరీ వచ్చిందని, కాన్పు తేలిగ్గా అయిందని లేచి చెప్పుకుంటారు. అమ్మ నా భుజం పట్టుకుని లేచింది. గుడి కొత్తది, స్లాబుది, మైకు పట్టుకున్న పాస్టరు గారు మా సునీత కంటే చిన్నవాడు. మైకు అమ్మ నోటి దగ్గర పెట్టారు. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. అమ్మ కూడా రేషను కార్డు రాసేవాడు అడిగినా నా వైపు చూసి నన్ను చెప్పమనేది. ఆ రోజు తనే చెప్పింది.

“నా పెనిమిటి పేరు దేవదానం. ఈ స్టేషన్ల బూడిద ఎత్తేటోడు. దొంగ అన్నరు మీరంత. ఆయన దొంగ కాదు. దొరికింది తిరిగిస్తనంటె నేనే దాసిపెట్టి లేదన్న. ఆయన్ని దొంగను జేసింది నేను.”

మీరంతా అంటూ ఆమె వరసల వైపు చూసింది. ఆ వరసల్లో బిందె మీద చెయ్యి వేసుకున్న పక్కింటావిడ లేదు, కానుక సంచి పట్టుకున్న పెద్దాయన లేడు, మేస్త్రీ లేడు, మాస్టరమ్మ ఎప్పుడో బదిలీ మీద పోయింది. నాతో అచ్చనగండ్లు ఆడిన ఒక్క ముఖమూ లేదు. ఉన్నవాళ్ళందరూ వాళ్ళ తర్వాత పుట్టినవాళ్ళు. పాస్టరు గారు కాసేపు తడబడి స్తోత్రం అన్నారు, అందరూ స్తోత్రం అన్నారు, తర్వాతి సాక్ష్యం డిగ్రీ పాసైన అమ్మాయిది.

బయటికొచ్చాక స్టేషను దాకా నడిచాం. కరెంటు ఇంజను ఒకటి చప్పుడు లేకుండా వచ్చి, ఏమీ దులుపుకోకుండా పోయింది. గుంట పూడ్చేసి రాయి పరిచారు, ఇంజనుకు నీళ్ళు పట్టే స్తంభం లేదు, గట్టు లేదు, ఏరుకోవడానికి బొగ్గు లేదు. మా ఇల్లున్న చోట కార్లు నిలిపే జాగా. అమ్మకు నేను చూపించిన చోటల్లా తల ఊపింది కానీ, ఏదీ గుర్తుపట్టినట్టు లేదు. గుడిలో పాటలు పాడిన ఒక పిల్ల, కాలేజీకి పోయే ఈడుది, మా వెనకాలే వచ్చి, “దేవదానం అంటే ఎవరు అమ్మమ్మా? మాకెవరికి తెల్వదు” అని అడిగింది.

అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టింది. “చెప్త, కూసో” అంది. మొదటి నుంచీ మొదలుపెట్టింది. రెండు బండ్లు పోయాయి, మేము ఎక్కలేదు.

విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీది అన్నం అందరికీ సరిపోవాలి, మీ వాళ్ళు ఏది తెచ్చినా గడప బయట ఆగకుండా నేరుగా లోపలికి రావాలి, మీ ఇంట్లో ఎవరైనా ఒకమాట అడిగితే దానికి నిజమైన జవాబు ఆ పూటే దొరకాలి.